స్కామ్ ఫోన్లు చేసేవాళ్లను మీరెలా బోల్తా కొట్టించారు? బెంగళూరు తెలుగువాళ్లు రాయండి

మారతహళ్లి మధు

కేవైసీ ఆగిపోయిందని ఒకడు, మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని ఇంకొకడు, రెండు గంటల్లో మీ నంబర్ కట్ అవుతుందని మరొకడు. ఈ ఊళ్లో ఉన్నవాళ్లందరికీ ఈ ఫోన్లు అలవాటైపోయాయి. జాగ్రత్తలు చెప్పే పోస్టులు కుప్పలుగా ఉన్నాయి. అవన్నీ చదివించాక మా అమ్మకి భయం తగ్గలేదు సరికదా, నిజం కొరియర్ అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసినా ఎత్తడం మానేసింది. అందుకే ఇక్కడ వేరేగా అడుగుతున్నా. ఫోన్ చేసినవాణ్ని నవ్వుతూ తిప్పి పంపిన సంగతులు ఉంటే రాయండి. పెద్దవాళ్లకి చదివి వినిపిస్తే ధైర్యం వస్తుంది.

ముందు నాది. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ ఆఫీసు నుంచి అంటూ ఒకాయన చేశాడు. మీ నంబర్ ఈరోజే డిస్‌కనెక్ట్ చేస్తున్నాం అన్నాడు. "చాలా థ్యాంక్స్ సార్, ఎన్ని గంటలకి?" అన్నాను. అతనికి అర్థం కాలేదు. "నా పాత మేనేజర్ దగ్గర ఈ నంబర్ ఉంది, ఆదివారాలు కూడా వదలట్లేదు, కొంచెం త్వరగా కట్ చేయండి" అన్నాను. "సార్, మీ మీద కేసు కూడా ఉంది" అన్నాడు. "కేసు తర్వాత చూద్దాం, ముందు నంబర్ కట్ చేయండి. లంచం ఏమైనా కావాలా?" అని బతిమాలాను. చివరికి అతనే "కట్ చేయడం కుదరదు సార్" అని పెట్టేశాడు. ఎవరి నంబర్ కట్ చేస్తామనీ ట్రాయ్ మనుషులకి ఫోన్ చేయదు. ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాదంతా సరదానే.

గుంటూరు గోపి

మధు అన్నా, సూపర్. మాది కేఆర్ పురం. మున్నేకొలాలలో మా చిన్న ఫ్లాట్ అద్దెకిస్తామని నెట్‌లో పెట్టిన గంటలోపే ఒక 'మేజర్ గారు' ఫోన్ చేశాడు. బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయిందట, ఇల్లు చూడక్కర్లేదట, అడ్వాన్స్ ఇప్పుడే వేస్తాడట. కాకపోతే ఆర్మీ పేమెంట్ పద్ధతి వేరట. ముందు మనం ఒక్క రూపాయి పంపాలి, వాళ్ల అకౌంట్స్ విభాగం దానికి రెట్టింపు వేస్తుంది, అది వచ్చాక మనం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే మొత్తం అడ్వాన్స్ పడుతుందట. డబ్బు రావడానికి పిన్ ఎందుకు కొట్టాలండి? పిన్ కొట్టేది మన అకౌంట్‌లోంచి పోవడానికే.

అతని ఖర్మ కాలి, మా నాన్న ఎంఈజీలో చేసి రిటైరైన మనిషి. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, ఇక్కడ అలసూరు చెరువు పక్కనే వాళ్ల సెంటర్. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ ఆయన చేతికిచ్చా.

"జై హింద్ సాబ్, ఏ యూనిట్?" అన్నారు నాన్న.
"ఎంఈజీ" అన్నాడు వాడు. బెంగళూరు అనగానే ఎక్కడో చూసి ఉంటాడు.
నాన్న మొహం వెలిగిపోయింది. "సెంటర్‌కి వచ్చేశారా సాబ్? చెరువులో నీళ్లెలా ఉన్నాయి?"
"ఏ చెరువు?"
"సెంటర్ గోడ పక్కన చెరువు సాబ్."
"అది సెక్యూరిటీ విషయం, చెప్పకూడదు."
"చెరువు సెక్యూరిటీ విషయమా! ఊరంతా దాని చుట్టూ పొద్దున్నే నడుస్తుంటే!"

అంతటితో వదల్లేదు మా నాన్న. "మేజర్ సాబ్ అయితే నిలబడే మాట్లాడుతున్నారా, కూర్చున్నారా?" అన్నారు. "నిలబడే ఉన్నా" అన్నాడు వాడు, ఎందుకో వాడికే తెలియాలి. "అయితే సావధాన్!" అని పరేడ్ గ్రౌండ్‌లో అరిచినట్టు అరిచారు. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. ఫోన్ కట్. ఆరోజు సాయంత్రం దాకా నాన్న ఈల వేస్తూనే ఉన్నారు.

జయనగర్ శారద

గోపీ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

నాకొచ్చింది పోలీసు ఫోన్. "మీ అబ్బాయి మా కస్టడీలో ఉన్నాడు" అన్నాడు హిందీలో గొంతు పెంచి. నాకున్నది ఒక్కతే కూతురు. ఆ సమయంలో నా ఎదురుగానే కూర్చుని బీరకాయలు తరుగుతోంది.

"ఏ అబ్బాయి నాయనా? పెద్దవాడా, రెండోవాడా, మూడోవాడా?" అన్నాను.
కాస్త ఆగి "రెండోవాడు" అన్నాడు.
"హమ్మయ్య, వాడేనా! పెద్దవాడేమోనని కంగారుపడ్డాను. రెండోవాణ్ని మీ దగ్గరే ఉంచుకోండి. కందిపప్పు పెట్టకండి, వాడికి పడదు. రాత్రి గురక పెడతాడు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి."
"మాతాజీ, ఇది పెద్ద కేసు. యాభై వేలు కడితే వదిలేస్తాం."
"కడితే మళ్లీ ఇంటికి పంపించేస్తారా? పంపకుండా ఉండాలంటే ఎంతవుతుంది?"

మా అమ్మాయి కత్తిపీట వదిలేసి నోట్లో కొంగు కుక్కుకుంది. అప్పుడు వాడు వెనకాల ఎవరిచేతనో ఏడిపించాడు, "మమ్మీ, మమ్మీ" అని. "మా ఇంట్లో మమ్మీ అనే పిలుపు లేదు బాబూ, మళ్లీ మొదట్నుంచి అమ్మా అని ఏడవమను" అన్నాను. పెట్టేశాడు.

నవ్వుతూ రాస్తున్నాను కానీ, ఆ ఏడుపు వింటే నిజంగా కొడుకున్న తల్లికి కాళ్లు చేతులు ఆడవు. ఇప్పుడు మనవాళ్ల గొంతునే కంప్యూటర్‌తో అచ్చుగుద్దినట్టు తయారుచేస్తున్నారు. అందుకని మా ఇంట్లో ఒక ప్రశ్న పెట్టుకున్నాం. ఎవరు ఆపదలో ఉన్నామని ఫోన్ చేసినా ముందు ఆ ప్రశ్న అడగాలి. తెనాలిలో మా పుట్టింటి ఆవు పేరు అది. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు, ఏ ఫేస్‌బుక్‌లోనూ లేదు. మీరూ అలాంటిది ఒకటి అనుకోండి, పిల్లలకి కూడా నేర్పండి.

మున్నేకొలాల పీజీ బాయ్

'ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం, బిల్లు అప్‌డేట్ కాలేదు' అని నాకూ ఫోన్ వచ్చింది, బెస్కామ్ పేరు చెప్పి. మా పీజీలో అప్పటికే మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. "కట్ చేయడం కాదన్నా, ముందు ఇవ్వండి, తర్వాత కట్ చేద్దురు గానీ" అన్నాను. పదిమందిమి ఒకరి తర్వాత ఒకరం ఫోన్ తీసుకుని కంప్లయింట్ ఇచ్చాం. "గీజర్ పనిచేయట్లేదు" అని మావాడు, "వైఫై కూడా చూడండి" అని ఇంకోడు. వాడు పాపం మూడో మనిషి దాకా విన్నాడు. నిజం బెస్కామ్‌కి చెప్పాలంటే 1912.

వైట్‌ఫీల్డ్ వంశీ

శారదగారి పోస్టు చదివి ఆఫీసులో అందరికీ వినిపించాను.

మీకో సంగతి తెలుసా? శారదగారు చేసిన పనినే బ్రిటన్‌లో ఓటూ అనే టెలికాం కంపెనీ ఒక ఏఐ బామ్మతో చేయించింది. పేరు డైసీ. 2024 నవంబర్‌లో విడుదల చేశారు. స్కామ్‌వాళ్లు ఫోన్ చేస్తే డైసీ ఎత్తుతుంది. అల్లికల గురించి, తన కుటుంబం గురించి తీరిగ్గా చెప్పుకుంటూ పోతుంది. ఒక్కొక్కణ్ని నలభై నిమిషాల దాకా కూర్చోబెట్టిన కాల్స్ ఉన్నాయట. దానికి చాలా ముందే లెన్నీ అని ఒకటి వచ్చింది. అందులో ఏఐ గీఐ ఏమీ లేవు, ఒక ముసలాయన గొంతుతో ముందే రికార్డు చేసిన కొన్ని మాటలంతే. అవతలివాడు ఆగినప్పుడల్లా తర్వాతి మాట వస్తుంది. 'సరిగ్గా వినపడలేదు, మళ్లీ చెప్తావా' అంటాడు, మా మూడో అమ్మాయి తెలివైంది అంటాడు, మధ్యలో బాతులు అరుస్తాయి. లెన్నీతో గొడవపడి గొంతు పోగొట్టుకున్నవాళ్ల రికార్డింగులు నెట్‌లో బోలెడు.

నా ఆలోచన ఏమిటంటే, ఇది తెలుగులో ఎందుకు ఉండకూడదు? ఒక మంచి బామ్మ గొంతు కావాలి, ఓ ఇరవై మాటలు కావాలి. మిగతా సాఫ్ట్‌వేర్ పని నేను చూసుకుంటా. మాటలు మీరు రాయండి.

గుంటూరు గోపి

రాసుకో తమ్ముడూ. మొదటి మాట: "ఎవరూ? సుబ్బారావా? గొంతేంటి అంత చిక్కిపోయింది, అన్నం తింటున్నావా లేదా?"

మారతహళ్లి మధు

"ఉండు నాయనా, పాలు పొంగుతున్నాయి." దీని తర్వాత రెండు నిమిషాలు ఏమీ ఉండకూడదు. దూరంగా గిన్నెల చప్పుడు మాత్రం రావాలి. వాడు హలో హలో అని అరుస్తూ ఉండాలి. ఆ తర్వాత "ఆఁ, ఇంతకీ ఎవరన్నావ్?"

మున్నేకొలాల పీజీ బాయ్

"ఓటీపీయా? నిన్ననే అయిపోయింది బాబూ, శెట్టి కొట్లో అడిగితే రేపు వస్తుందన్నాడు."

జయనగర్ శారద

పిల్లలూ, బామ్మలు అంత అమాయకంగా ఉండరు. అంకెలు చెప్పేది నేను రాస్తాను. "రాసుకో. నాలుగు. తర్వాతది ఏడో ఒకటో, కళ్లజోడు కనపడట్లేదు. ఏడే అనుకో. కాదు కాదు, ఒకటి. ఎక్కడున్నాం? మొదట్నుంచి చెప్తా ఉండు." ఇది ఎన్నిసార్లు వేసినా చెల్లుతుంది. ఇంకోటి: "నీ గొంతు వింటే మర్యాదస్తుడిలా ఉన్నావు. పెళ్లయిందా? మీది ఏ గోత్రం? మా చెల్లెలి మనవరాలు ఇక్కడే సర్జాపూర్ రోడ్డులో ఉద్యోగం చేస్తోంది." గోత్రం దగ్గర తడబడని దొంగ ఉండడు.

హెచ్‌ఎస్‌ఆర్ హరిత

అందరికీ ఒక మనవి. నేను టెలికాలింగ్ ఉద్యోగం చేస్తాను. పర్సనల్ లోన్లు, క్రెడిట్ కార్డులు. మాది నిజమైన కంపెనీ, మా ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి వస్తాయి. ఈమధ్య నన్ను కూడా స్కామ్ అనుకుని ఆడుకుంటున్నారు. ఒకాయన "ఒక్క నిమిషం" అని ఫోన్ టీవీ ముందు పెట్టి వెళ్లిపోయాడు, నేను పూర్తి యాడ్ బ్రేక్ విన్నాను. ఇంకొకాయన ఆపకుండా బూతులు తిట్టాడు. మాకు రోజూ ఇన్ని కాల్స్ అని టార్గెట్ ఉంటుంది, మధ్యలో మేము కట్ చేయకూడదు. వద్దనుకుంటే "వద్దమ్మా" అనండి చాలు, మాకూ టైమ్ కలిసొస్తుంది. అసలు రావద్దంటే 1909లో డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టించుకోండి. బ్యాంకులు మీ ఖాతా పని మీద చేసే ఫోన్లకి 1600తో మొదలయ్యే నంబర్లు ఇస్తున్నారు. మామూలు పది అంకెల మొబైల్ నుంచి బ్యాంకు అంటూ ఎవరైనా చేస్తే, అప్పుడు మీ బామ్మని వదలండి.

మారతహళ్లి మధు

హరితా, మంచి మాట చెప్పావమ్మా. ఈ పేజీ చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం చేసుకునే పిల్లలతో ఆటలు వద్దు.

కోరమంగళ కిరణ్మయి

నేను ఒక బ్యాంకులో మోసాల ఫిర్యాదులు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. మీ కథలు చదివి చాలా నవ్వుకున్నాను, నిజంగా. నవ్వగలిగిన మనిషి డబ్బు పంపడు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవర్ని అడిగినా 'ఆ టైమ్‌లో బుర్ర పనిచేయలేదండి' అంటారు. దొంగ చేసేదే అది, మనకి ఆలోచించే తీరిక ఇవ్వడు. కాబట్టి ఈ ఆటని నేను తప్పుపట్టను. కానీ ఆడేవాళ్లు కొన్ని తెలుసుకుని ఆడాలి.

అన్నిటికంటే ముందు, వీడియో కాల్ ఎత్తొద్దు. మన మొహం రికార్డు చేసి, దాన్ని ఏ పాడు వీడియోకో అతికించి బెదిరించేవాళ్లున్నారు. వాళ్లు పంపిన లింకు 'చూద్దాంలే ఏముందో' అని తెరవొద్దు. ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, అసలు ముట్టుకోవద్దు. పెళ్లి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో కూడా అవి వస్తున్నాయి. స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయమంటే ఆట అక్కడితో ఆపేయాలి.

కార్డు నంబర్ అంటూ తోచిన పదహారు అంకెలు చెప్పేవాళ్లుంటారు. కార్డు నంబర్‌లో చివరి అంకె లెక్క ప్రకారం వస్తుంది, మిగతా అంకెలతో సరిపోకపోతే వాళ్ల దగ్గర వెంటనే తెలిసిపోతుంది. ఖర్మ కాలి సరిపోతే అది ఇంకెవరిదో నిజం కార్డు కావచ్చు. కాబట్టి శారదగారి పద్ధతే మంచిది, ఎప్పటికీ పూర్తికాని నంబర్ చెప్పడం.

ఇంకోటి. మీతో ఒకడు కబుర్లు చెబుతుండగా పక్కన ఇంకొకడు మీ నంబర్‌తో ఏదో ఖాతాలోకి వెళ్లే ప్రయత్నం చేస్తూ ఉండొచ్చు. అప్పుడే మీకు ఇంకో కాల్ వస్తుంది, 'అది మా ఫ్రెండే, కాల్ మెర్జ్ చేయండి' అంటాడు. ఆ రెండో కాల్ ఓటీపీ చదివి వినిపించే మెషీన్. మెర్జ్ చేస్తే వాడికి వినపడిపోతుంది. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ దీని గురించి 2025లో హెచ్చరించింది కూడా. తెలియనివాడు చెబితే ఏ కాల్‌నీ కలపొద్దు.

పేరు, ఏరియా, పిల్లల స్కూలు ఏదీ చెప్పకండి. ఎక్కువసేపు మాట్లాడిన నంబర్ 'ఎత్తే నంబర్' అని వాళ్ల జాబితాలో చేరుతుంది, తర్వాత ఫోన్లు పెరుగుతాయి. రోజూ వాడే నంబర్‌తో ఆడటం ఎప్పుడో ఒకసారికే పరిమితం చేసుకోండి. వంశీ, నీ బామ్మకి వేరే సిమ్ పెట్టు.

బెళ్లందూరు భాను

మా అత్తగారి సంగతి చెప్పకపోతే ఈ చర్చ పూర్తికాదు.

మేమిద్దరం ఆఫీసులో ఉన్నాం. ఆవిడ ఒక్కరే ఇంట్లో. వాట్సాప్‌లో 'సీబీఐ ఆఫీసర్' కాల్. వెనకాల పెద్ద సింహాల బొమ్మ, టేబుల్ మీద జెండా, ఒంటిమీద యూనిఫాం. మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగింది, మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదు. మా అత్తగారికి వార్తలు చూసే అలవాటు ఎక్కువ, విషయం వెంటనే అర్థమైంది. కెమెరా మీద బొటనవేలు అడ్డం పెట్టారు.

"కదలకూడదా? మంచిది నాయనా, నేను జపానికి కూర్చునే వేళైంది, కదలను" అన్నారు. తులసి మాల తీసి మొదలుపెట్టారు. వాడు మధ్యలో ఏదో అడిగాడు. "నూటెనిమిది పూర్తయ్యేదాకా మాట్లాడకూడదు" అని మళ్లీ మొదటి పూస నుంచి ఎత్తుకున్నారు. వాడు ఇంకోసారి కదిలించాడు. ఇంకోసారి మొదటికి వచ్చారు. మూడోసారికి వాడే నోరు మూసుకుని కూర్చున్నాడట. మాల పూర్తయ్యాక, "ఇది మా వారి పేరు మీద. ఇప్పుడు నీ పేరు మీద చేస్తాను, నక్షత్రం చెప్పు" అన్నారు. ఆ 'ఆఫీసర్' నక్షత్రం తెలియదన్నాడు. "అయ్యో, అమ్మకి ఫోన్ చేసి కనుక్కో, నేను లైన్‌లోనే ఉంటా. నీకు తోడుగా నేనున్నాను, నాకు తోడుగా నువ్వున్నావు, సాయంత్రం దాకా నాకెలాగూ పనిలేదు" అన్నారు.

కట్ చేశాడు. 'అరెస్ట్ చేసినవాడే పారిపోయాడే' అని రాత్రి భోజనాల దగ్గర ఆవిడే చెప్పి పగలబడి నవ్వారు.

కిరణ్మయిగారూ, వీడియో కాల్ ఎత్తొద్దన్నది ఆవిడకి ఇప్పుడు చెప్పాను. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా వాట్సాప్‌లో సెట్టింగ్ కూడా పెట్టేశాం.

కోరమంగళ కిరణ్మయి

మీ అత్తగారు గట్టివారు భానూ. అందరూ అలా ఉండలేరు. మన ఊళ్లోనే ఒకావిడ ఇదే డిజిటల్ అరెస్ట్‌లో 187 సార్లుగా దాదాపు 32 కోట్లు పంపారని 2025 నవంబర్‌లో వార్తలొచ్చాయి. చదువుకున్నవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు కూడా చిక్కుకుంటున్నారు. వాళ్లని చూసి నవ్వకూడదు. రోజుల తరబడి, నెలల తరబడి ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడనివ్వకుండా భయపెడతారు.

చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్ 27 మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాట చెప్పారు. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ కేసుల దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. అంటే ఏ సీబీఐ పేరు చెప్పి బెదిరిస్తున్నారో, ఆ సీబీఐయే ఇప్పుడు వాళ్ల వెనక పడింది. పెద్దవాళ్లకి ఈ సంగతి చెప్పండి, బాగా గుర్తుంటుంది.

శ్రీకాకుళం సూరి (ఎలక్ట్రానిక్ సిటీ)

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. రాయాలా వద్దా అనుకున్నాను.

నాకు ఒకసారి షేర్ మార్కెట్ గ్రూపులో చేరమని ఫోన్ వచ్చింది. మొదట హిందీ, తర్వాత తెలుగు. రెండు వాక్యాలు వినేసరికి మా వైపు యాస అని తెలిసిపోయింది. నేను కూడా ఆడుకుందామనే మొదలుపెట్టాను. "ఏ ఊరు తమ్ముడూ, టెక్కలా, పలాసా?" అన్నాను. అవతల చప్పుడు లేదు. వెనకాల చాలామంది ఒకేసారి ఫోన్లలో మాట్లాడుతున్న గోల మాత్రం వినిపిస్తోంది. తర్వాత చాలా చిన్న గొంతుతో "పెట్టేయండన్నా" అన్నాడు. పెట్టేశాడు కూడా.

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్లకే ఫోన్లు చేయించారు. అదే నెలలో అక్కడ సిహనూక్‌విల్‌లో వందలమంది భారతీయులు ఎదురుతిరిగారు. టార్గెట్ రాకపోతే తిండి పెట్టలేదని, కొట్టారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. మయన్మార్‌లో కూడా ఇదే పని జరుగుతోంది. నాకు ఫోన్ చేసిన కుర్రాడు అక్కడున్నాడో, ఇక్కడే ఏ అద్దె గదిలో ఉన్నాడో నేను చెప్పలేను. కానీ ఆ గొంతు విన్నాక నాకు ఆట ఆడబుద్ధి కాలేదు.

మీ చుట్టుపక్కల ఎవరైనా థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్‌లలో టైపింగ్ ఉద్యోగం అంటే, ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడమనండి. ఇప్పటికే వెళ్లి చిక్కుకున్నవాళ్ల ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

గుంటూరు గోపి

సూరి అన్నా, బాధగానే ఉంది. కానీ నా మాట కూడా విను. మా వీధిలో ఒకాయన పిల్ల పెళ్లికి దాచినదంతా పోగొట్టుకున్నాడు. ఫోన్ చేసినవాడు బందీనో, ఈ మోసాలకి పేరుమోసిన జార్ఖండ్ జామ్‌తారాలో గది తీసుకుని సొంతంగా చేసుకునే దొంగో నాకెలా తెలుస్తుంది? నేను వాడితో అరగంట మాట్లాడితే ఆ అరగంట ఇంకో ముసలాయన బతికిపోతాడు. నేను ఆపను.

శ్రీకాకుళం సూరి

ఆపమనట్లేదు గోపీ. కొట్టేది పైవాడు, తిట్లు తినేది కిందవాడు. బూతులు వద్దంటున్నా, అంతే.

వైట్‌ఫీల్డ్ వంశీ

నాకు ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది. బామ్మలో ఒక్క తిట్టు కూడా పెట్టను. సూరిగారూ, మీరు అభ్యంతరం చెప్పకపోతే ఒక మాట చేరుస్తాను: "మీ అమ్మతో మాట్లాడి ఎన్నాళ్లయింది నాయనా? నంబర్ చెప్పు, నేను చేసి చెప్తాను." దొంగ అయితే విసుక్కుని పెట్టేస్తాడు. నిజంగా చిక్కుకున్నవాడైతే ఏమో, ఒక నంబర్ చెప్తాడేమో. కాల్స్ రికార్డు అవుతాయి, వాటిని నేను వింటాను.

శ్రీకాకుళం సూరి

ఇది బాగుంది. తప్పకుండా పెట్టు. యాసలో కావాలంటే నేను రాసిస్తా.

కడప కావ్య

కొత్తగా చేరాను, అర్జెంటు. మా నాన్న కడపలో ఉంటారు. నిన్న కొరియర్ అంటూ ఫోన్ వచ్చిందట, డెలివరీ అబ్బాయి నంబర్ ఇది, డయల్ చేయండి అన్నారట. స్టార్, 21, మళ్లీ స్టార్, తర్వాత ఏదో మొబైల్ నంబర్. ఆయన డయల్ చేశారు. ఇప్పుడు నేను ఇక్కడ బీటీఎం నుంచి చేస్తుంటే ఎవరో మగ గొంతు ఎత్తి కట్ చేస్తోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

కోరమంగళ కిరణ్మయి

కావ్యా, వెంటనే చెయ్యి. ఆయన ఫోన్‌లు ఇంకో నంబర్‌కి మళ్లాయి. పక్కింటివాళ్ల ఫోన్‌కి చేసి ఆయన్ని పిలిపించు. ఆయన ఫోన్‌లో ##002# డయల్ చేయించు, ఫార్వర్డింగ్ అన్నీ రద్దవుతాయి. తర్వాత *#21# కొడితే ఇంకా ఏమైనా మిగిలిందా అనేది కనిపిస్తుంది. వాట్సాప్ ఆయన ఫోన్‌లోనే తెరుచుకుంటోందో లేదో చూడమను, లింక్డ్ డివైజెస్‌లో తెలియనిది ఉంటే తీసేయమను, రెండంచెల పిన్ పెట్టించు. బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతా లావాదేవీలు కాసేపు ఆపించు. ఒక్క రూపాయి పోయినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోకపోయినా ఆ నంబర్‌ని టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు విభాగంలో రిపోర్ట్ చెయ్యి.

కడప కావ్య

చేయించాను. రద్దయిందని మెసేజ్ వచ్చింది. ఇప్పుడు నాన్నే ఎత్తుతున్నారు. డబ్బేమీ పోలేదు. వాట్సాప్ మాత్రం లాగౌట్ అయి ఉంది, మళ్లీ ఆయన నంబర్‌తోనే తెరిచి పిన్ పెట్టించాం. డబ్బు అడుగుతూ మెసేజ్ వస్తే పంపొద్దని చుట్టాలందరికీ చెబుతున్నాం. కిరణ్మయిగారూ, మీ రుణం తీర్చుకోలేను.

బెళ్లందూరు భాను

కావ్యా, నాన్నగారిని ఏమీ అనకు. ఈ పేజీ ఆయనకి చదివి వినిపించు. శారదగారి రెండోవాడి కథ దగ్గర మొదలుపెట్టు.

జయనగర్ శారద

వంశీ, గొంతు వెతకక్కర్లేదు, నేనే చెప్తాను. శనివారం పొద్దున్నే ఎనిమిదికల్లా వచ్చెయ్యి, ఆ తర్వాత మా వీధిలో కూరగాయల బండ్ల మైకులు మొదలవుతాయి. పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి, అక్కడ గ్రీన్ లైన్ మారి, జయనగర్‌లో దిగు. భానూ, మీ అత్తగారిని కూడా పంపించు, ఆ నక్షత్రం మాట ఆవిడ గొంతులోనే ఉండాలి. పెసరట్లు వేస్తాను. గిన్నెల చప్పుడు కూడా అప్పుడే రికార్డు చేసుకోవచ్చు.

వైట్‌ఫీల్డ్ వంశీ

మైకు, లాప్‌టాప్ తెస్తా పిన్నిగారూ. కొత్త సిమ్ కూడా తీసుకున్నా.